బ్లో-ఆఫ్ వాల్వ్: తిరుమల కొండ ఎక్కి దిగే కారుకు ఏది సరిపోతుంది

తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా 'తుస్సు'మనే కార్లు ఈమధ్య జాస్తి అయినాయి. ఆ శబ్దం చేసేది బ్లో-ఆఫ్ వాల్వ్. దాని గురించి గ్యారేజీలో మొదట వినబడే మాట కూడా ఒకటే: "అన్నా, ఇది వేస్తే పికప్ పెరుగుతుందా?" పెరగదు. పాత వాల్వ్ లీకవుతుంటే పోయిన పికప్ తిరిగి వస్తుంది, అంతే. ఈ తేడా మనసులో పెట్టుకునే ఇక్కడ మూడు రకాలను చూశాం: గాలిని మళ్లీ టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) ముందుకే తిప్పి పంపే జీఎఫ్‌బీ కంపెనీ డీవీ ప్లస్, గాలిని బయటికి వదిలే స్ప్రింగు వాల్వ్, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే స్పేసర్ ప్లేటు. కార్లు అంటే 1.8 టీఎస్ఐ ఇంజిన్ ఉన్న లారా, ఆక్టేవియా, పోలో జీటీఐ లాంటివి.

యాక్సిలరేటర్ వదలగానే థ్రాటిల్, అంటే ఇంజిన్‌లోకి పోయే గాలికి ఉన్న తలుపు, మూసుకుంటుంది. టర్బో మాత్రం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, నెట్టిన గాలికి పోయే దారి లేక వెనక్కి వచ్చి కంప్రెసర్ చక్రాన్ని కొడుతుంది. అప్పుడు వచ్చే 'కటకట'నే ఫ్లటర్ అంటారు. ఆ గాలికి దారి ఇవ్వడమే వాల్వ్ పని. ఈ ఇంజిన్లలో కంపెనీ నుంచే టర్బో ఒంటికి ఒక వాల్వ్ బిగించి వస్తుంది, దాన్ని ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) సోలనాయిడ్‌తో, అంటే కరెంటుతో కదిలే చిన్న మీటతో, తెరుస్తుంది. పాత రకాల్లో లోపల రబ్బరు పొర ఉంటుంది, తర్వాతి వాటిలో పిస్టన్ వచ్చింది.

కొత్తది కొనే ముందు పాతదాన్ని విప్పి చూడాలి. రబ్బరు పొర ఉన్నదైతే బొటనవేలితో కొంచెం సాగదీసి వెలుతురుకు ఎదురుగా పట్టండి. మామూలుగా కంటికి ఆనని వెంట్రుక మందం చీలిక అలా పడితే గీతలా మెరుస్తుంది. పిస్టన్ రకమైతే వేలితో నొక్కి వదలాలి, ఎక్కడా పట్టేయకుండా తిరిగి రావాలి. అంచుమీద నల్లటి ఆయిల్ జిడ్డు గట్టిపడి ఉంటే ముందు తుడిచి చూడండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది. స్కానర్‌లో పీ0299 కోడ్ వచ్చిందంటే బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) తక్కువని అర్థం, వాల్వే పోయిందని కాదు. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు క్లిప్పు వదులైనా, టర్బో వేగాన్ని అదుపు చేసే వేస్ట్‌గేట్ సరిగా మూసుకోకపోయినా అదే కోడ్ వస్తుంది. గాలి లోపలికి పోయే గొట్టానికి (ఇన్‌టేక్) 1 బార్ ఒత్తిడితో గాలి పట్టించి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు పోస్తే బుడగలే చోటు చూపిస్తాయి. ఈ పరీక్ష చేయకుండా వాల్వ్ మార్చమనే మెకానిక్ దగ్గర తొందరపడొద్దు.

డీవీ ప్లస్‌లో నచ్చే విషయం, అది కంపెనీ సోలనాయిడ్‌నూ వైరింగునూ అలాగే ఉంచుతుంది. మారేది కదిలే భాగం ఒక్కటే, దాని చోట లోహపు పిస్టన్ వస్తుంది. సోలనాయిడ్ నేరుగా పిస్టన్‌ను లాగే పని మానేసి, దాని వెనకున్న గాలి ఒత్తిడిని మాత్రం వదులుతుంది. మిగతా పని బూస్ట్ గాలే చేస్తుంది. ఈసీయూ ఎప్పుడు తెరవమంటే అప్పుడే తెరుచుకుంటుంది, లెక్కకు వచ్చిన గాలి లెక్కలోనే ఉంటుంది కాబట్టి చెక్ ఇంజిన్ లైట్ రాదు. శబ్దం దాదాపు కంపెనీ వాల్వ్ లాగే. శబ్దం కోసమే కొనేవాళ్లకు ఇది నిరాశే. ఒక్కో ఇంజిన్‌కు ఒక్కో పార్ట్ నంబరు ఉంటుంది కనుక, కారు మోడల్ కాదు, ఇంజిన్ కోడ్ చెప్పి ఆర్డర్ పెట్టాలి. మా మార్కు 5కు 4. తగ్గిన ఒక్కటీ ధరకు.

బిగించేటప్పుడు ఇంజిన్ కనీసం రెండు గంటలు చల్లారాలి, టర్బో పక్కన చెయ్యి పెట్టే పని ఇది. పాత 1.8 ఇంజిన్లలో వాల్వ్ టర్బోకు కింది వైపు ఉంటుంది. బండిని లిఫ్ట్ మీదికి ఎత్తి కింది కవర్ తీయాలి. రెండు పిన్నుల కనెక్టర్ ఊడదీసి, 5 ఎంఎం ఎలెన్ కీతో మూడు బోల్టులు విప్పాలి. ఇంజిన్ వైపు బోల్టు కంటికి కనబడదు, చేత్తో తడిమే పట్టుకోవాలి. గుండ్రటి కొన ఉన్న పొట్టి కీ లేకపోతే తల అరిగిపోతుంది, అక్కడే అరగంట పని అరపూట అవుతుంది. చివరి బోల్టు వదిలేటప్పుడు అరచెయ్యి కింద అడ్డం పెట్టండి, స్ప్రింగు కింద పడితే దానికి అంటిన ఇసుక రవ్వ నేరుగా ఓ-రింగు కిందికి పోతుంది. టర్బో మీది ముఖం నూలుపోగులు రాలని గుడ్డతో తుడిచి, ఓ-రింగుకు సిలికాన్ గ్రీజు పలచగా రాసి, మూడు బోల్టులూ ముందు చేత్తో తిప్పి, తర్వాత కొంచెం కొంచెంగా వంతులవారీగా బిగించాలి. హౌసింగు అల్యూమినియం, బలం చూపించే తావు కాదు. స్కానర్ పెట్టి మూడో గేరులో 2,000 నుంచి 5,000 ఆర్‌పీఎం దాకా, కోరిన బూస్ట్, వచ్చిన బూస్ట్ రెండూ కలిసి పోతున్నాయా చూస్తే పని అయినట్టే. ఆ పరీక్ష హైవే మీద ఖాళీ చోట చేయాలి, ఘాట్‌లో కాదు.

ఇక బయటికి వదిలే వాల్వ్. ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న కారులో సెన్సర్ కొలిచిన గాలి ఇంజిన్‌కు చేరకముందే బయటికి పోతుంది. ఈసీయూ మాత్రం అది లోపలే ఉందనుకుని పెట్రోలు పోస్తుంది. సైలెన్సర్ మూతి నల్లబడటం, లీలామహల్ సర్కిల్ దగ్గర ఆగబోతుంటే బండి తటపటాయించి ఆఫ్ అవడం, ఏళ్లు గడిస్తే పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దెబ్బతినడం, అన్నింటికీ మూలం ఆ అదనపు పెట్రోలే. గాలి పరిమాణాన్ని కాక ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ మాత్రమే ఉన్న కార్లలో ఈ బాధ తక్కువ.

దీని స్ప్రింగు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన కొండ దీన్ని గట్టిగా పరీక్షిస్తుంది. పైకి వెళ్లేటప్పుడు రెండో గేరు, సగం యాక్సిలరేటర్, బూస్ట్ 0.3, 0.4 బార్ మాత్రమే, మలుపు మలుపుకూ కాలు తీయడమే. గట్టి స్ప్రింగు అంత తక్కువ ఒత్తిడికి కదలదు, ప్రతి మలుపులోనూ ఫ్లటర్ వినిపిస్తుంది. అందుకని మెత్తని స్ప్రింగు వేస్తే దిగేటప్పుడు మరో గొడవ. దిగే దారి 1944 నాటి మొదటి ఘాట్, 40 నిమిషాలకు ముందు దిగకూడదన్నది టీటీడీ నియమం. అంతసేపూ ఇంజిన్ బ్రేకింగ్ మీదే, అంటే గేరులో ఉంచి ఇంజిన్‌తోనే వేగం ఆపుతూ, ఉంటాం. మ్యానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో) వాక్యూమ్ మైనస్ 0.7 బార్ దగ్గర ఉండి వాల్వ్‌ను తెరిచే పట్టుకుంటుంది. ఆ తెరిచిన నోటిలోంచి ఫిల్టర్ దాటని దుమ్ము గాలి లోపలికి పోతుంది. మొగిలి ఘాట్‌లో గ్రానైట్ లారీల వెనక అయితే అది దుమ్ము కూడా కాదు, రాతి పొడి. గాలిని తిప్పి పంపే వాల్వ్ తెరుచుకున్నా నష్టం లేదు, ఎందుకంటే దాని గాలి ఫిల్టర్ దాటి వచ్చిందే.

ఇన్ని చెప్పినా వేయాలనే ఉంటే, సర్దుబాటు ఉన్న వాల్వే తీసుకోండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఏసీ ఆపి ఐడిల్‌లో ఉంచాలి, ఐడిల్‌లో వాక్యూమ్ అప్పుడే ఎక్కువ. ఐడిల్ ఊగడం మొదలయ్యేదాకా స్ప్రింగు వదులు చేసి, అక్కడి నుంచి అర చుట్టు బిగించి, ఏసీ వేసి మళ్లీ చూడాలి. వాక్యూమ్ గొట్టం 4 ఎంఎం సిలికాన్‌ది, వీలైనంత పొట్టిగా, మ్యానిఫోల్డ్ నుంచి నేరుగా రావాలి. బ్రేకుకు బలమిచ్చే బూస్టర్ గొట్టానికి టీ ఆకారపు జాయింట్ వేసి తీయడం ప్రాణాలతో చెలగాటం. నకిలీలు అసలు ధరలో పదో వంతుకే దొరుకుతాయి. వాటి లోపలి పోత గరుకుగా ఉండి పిస్టన్ వేడికి పట్టేస్తుంది. తెరుచుకున్న చోటే పట్టేస్తే బూస్ట్ అసలు నిలవదు. బిల్లు, వారంటీ కార్డు లేనిది తీసుకోవద్దు. మార్కు 5కు 2.

స్పేసర్ ప్లేటుకు 1. కంపెనీ వాల్వ్‌కూ టర్బోకూ మధ్యన దూరి కొంత గాలిని పక్కకు ఊదుతుంది. ప్లేటు మందం పెరిగినా పాత బోల్టులతోనే బిగించేవాళ్లున్నారు, మూడు చుట్లు కూడా పట్టవు. కనీసం ఆరు చుట్లు పట్టే పొడవు ఉండాలి.

చిత్తూరు వైపు డీజిల్ బండ్లు ఎక్కువ కాబట్టి ఒక మాట. మన డీజిళ్లలో పెట్రోలు కారులా బూస్ట్‌కు అడ్డంగా మూసుకునే థ్రాటిల్ ఉండదు, ఈ వాల్వ్‌తో వాటికి పనే లేదు. పెడల్ దగ్గర స్విచ్ పెట్టి శబ్దం చేయించే కిట్లు కూడబెట్టిన బూస్ట్‌ను పారబోస్తాయి, బండి లింప్ మోడ్‌లోకి (ఇంజిన్ తన బలాన్ని తానే తగ్గించుకునే స్థితికి) పోవచ్చు. అలాగే ఎలక్ట్రానిక్ వేస్ట్‌గేట్ ఉన్న కొన్ని చిన్న పెట్రోలు టర్బోల్లో విడిగా వాల్వే ఉండదు. టర్బోను కళ్లతో చూశాకే డబ్బు కట్టండి.

చట్టం సంగతి: 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బయటికి వదిలే వాల్వ్ తన ఉనికిని తానే చాటుకుంటుంది. పైగా ఘాట్ రోడ్డు రెండు వైపులా శేషాచలం అడవే, అక్కడ ఆ మోత ఎవరికీ అక్కర్లేదు.

ఏది వేసినా 500 కిలోమీటర్లకు బోల్టులు ఒకసారి, 20,000కు పిస్టన్ విప్పి ఆయిల్ జిడ్డు ఒకసారి చూసుకోండి. తుడవడానికి పొడి గుడ్డ చాలు, రబ్బరు మీద పెట్రోలు మాత్రం పోయొద్దు.