పాత బుల్లెట్‌కి టైమింగ్ పెట్టించాలంటే పాలకొల్లు మేస్త్రి గారి షెడ్డుకి వెళ్లండి

ప్లగ్‌లో నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో తేల్చే పాయింట్లున్న పాత బుల్లెట్ మీ దగ్గరుండి, కిక్ కొట్టిన ప్రతిసారీ వెనక్కి తంతుందేమోనని టెన్షన్ పడుతుంటే ఇది మీకోసమే. పాలకొల్లు నుంచి మార్టేరు వెళ్లే రోడ్డులో ఊరు దాటుతుండగా ఒక రేకుల షెడ్డు ఉంటుంది. బోర్డు లేదు. బయట ఎప్పుడూ ఒకటో రెండో ఆయిల్ ఇంజన్లు విప్పి పడి ఉంటాయి, అదే గుర్తు. మేస్త్రి గారి అసలు పని చేపల చెరువుల ఇంజన్లు బాగుచేయడం, పాత పెట్రోలు బళ్లు మాత్రం ఇష్టం కొద్దీ చూస్తారు.

నాది 1994 మోడల్ 350, కాస్ట్ ఐరన్ ఇంజన్. వేరేచోట ఇంజన్ పని చేయించినప్పుడు టైమింగ్, అంటే ఆ నిప్పురవ్వ పుట్టే సమయం, కొలవకుండా అంచనాగా పెట్టేశారు. ప్లగ్ రంధ్రంలో స్క్రూడ్రైవర్ దూర్చి, అది పైకి లేవడం ఆగిందనిపించగానే ఇదే టాప్ (పిస్టన్ అన్నిటికంటే పైకి చేరే చోటు) అనేసి బిగించారు. అప్పట్నుంచీ కిక్ వెనక్కి తన్నడమే. మన డెల్టాలో రోడ్లన్నీ చదును కాబట్టి మామూలుగా తిరిగేటప్పుడు పెద్దగా తెలియదు గానీ, దిండి వెళ్తూ చించినాడ వంతెన ఎక్కితే చాలు, టాప్ గేర్లో టకటకమని నాకింగ్. ఇంకో ఇద్దరికి చూపించాను. కార్బురేటర్ అన్నారు, పెట్రోలు కల్తీ అన్నారు. టైమింగ్ కొలిచి చూద్దామన్నవాళ్లు ఒక్కరూ లేరు.

స్క్రూడ్రైవర్‌తో ఎందుకు కుదరదో మేస్త్రి గారు చెప్తేనే నాకు పూర్తిగా ఎక్కింది. పిస్టన్ పైకి చేరాక, ఉయ్యాల చివరికెళ్లి ఒక్క క్షణం నిలబడినట్టు, దాదాపు ఆగిపోతుంది. పిస్టన్‌ని ఆడించే క్రాంక్ ఇరుసు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఈ బండికి స్ట్రోక్, అంటే పిస్టన్ కింది నుంచి పైకి కదిలే దూరం, 90 మిల్లీమీటర్లు. అయినా టాప్‌కి అటు మూడు డిగ్రీలు, ఇటు మూడు డిగ్రీలు తిరిగినా పిస్టన్ 0.1 మిల్లీమీటరు కూడా దిగదు. పైగా దీనికి ప్లగ్ రంధ్రం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పుల్ల పెట్టి కొలిస్తే వచ్చేది పిస్టన్ నిజంగా కదిలిన కొలత కాదు. "ఆగిన చోట చూస్తే టాప్ దొరకదండీ, ఆగకముందు, ఆగిన తర్వాత చూడాలి" అన్నారాయన.

ఆయన చేసిన పద్ధతి ఇది. పాత ప్లగ్‌లో పింగాణీ పగలగొట్టి తీసేసి, ఆ ఇనప గుల్లలో గుండ్రటి కొన ఉన్న బోల్టు బిగించి స్టాపర్ తయారు చేసుకున్నారు. లోపలి గాలి పోవడానికి బోల్టు మధ్యలో సన్న రంధ్రం కూడా వేయించారు. ఫుట్‌రెస్ట్ విప్పి, చైన్ కేస్ మూత తీసి, క్రాంక్ చివర డిగ్రీల డిస్క్ బిగించి, ఒక తీగ ముక్కని ముల్లులా వంచి అంచనాగా సున్నా దగ్గర పెట్టారు. ఇప్పుడు ప్లగ్ స్థానంలో స్టాపర్. టాప్ గేర్ వేసి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పితే పిస్టన్ వచ్చి స్టాపర్‌కి ఆనింది, ముల్లు 31 దగ్గర ఆగింది. చక్రాన్ని వెనక్కి తిప్పితే రెండో వైపు 27 దగ్గర ఆగింది. అంటే అంచనా సున్నా రెండు డిగ్రీలు తప్పు. రెండు వైపులా 29 వచ్చేలా ముల్లు జరిపితే ఆ మధ్య బిందువే అసలైన టాప్. రెండు వైపులా ఆనేది ఒకే ఎత్తులో కాబట్టి రంధ్రం ఏటవాలుగా ఉన్నా ఫరవాలేదు. చూస్తుంటే ఎంత ముచ్చటేసిందో! స్టాపర్ ఉన్నంతసేపూ పొరపాటున కూడా కిక్ కొట్టకూడదు, పిస్టన్ పగులుతుంది.

ఒక్క నిప్పురవ్వకి పిస్టన్ రెండుసార్లు పైకొస్తుంది కదా, అందులో నిప్పురవ్వ పుట్టాల్సిన కంప్రెషన్ టాప్ ఏదో తేల్చడానికి టాపెట్ మూత తీసి, వాల్వులను కదిపే పుష్‌రాడ్లు వేళ్లతో తిప్పి చూశారు. రెండూ వదులుగా తిరిగాయంటే రెండు వాల్వులూ మూసుకున్నట్టే.

పాయింట్ల గ్యాప్ మాత్రం టైమింగ్ కంటే ముందే పెట్టేశారు, 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య. గ్యాప్ తర్వాత మారిస్తే టైమింగ్ కూడా మారిపోతుంది, చాలామంది తప్పేది ఇక్కడే. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ నిప్పురవ్వని ముందుకు జరిపే అడ్వాన్స్ స్ప్రింగులు లాగి వదిలి, పూర్తిగా వెనక్కి వస్తున్నాయో లేదో కూడా చూశారు. ఈ ఇంజన్‌కి అడ్వాన్స్ వెనక్కి ఉన్నప్పుడు టాప్‌కి 0.8 మిల్లీమీటర్ల ముందు పాయింట్లు విడాలి, డిస్క్ మీద అది 9, 10 డిగ్రీల మధ్య వస్తుంది. విడిపోయే క్షణం తెలుసుకోవడానికి ఆయన వాడింది బండికున్న, కరెంటు చూపే ఆమ్మీటరే. తాళం ఆన్ చేస్తే ముల్లు మైనస్ వైపు వాలుతుంది, పాయింట్లు విడగానే టక్కున మధ్యకి వస్తుంది. కాయిల్ వేడెక్కకుండా మధ్యమధ్యలో తాళం ఆపేస్తూ, ప్రతిసారీ కొంచెం వెనక్కి తిప్పి మళ్లీ ముందుకే వస్తూ చూశారు. నా బండికి డిస్క్ మీద 18 డిగ్రీల దగ్గరే, అంటే చాలా ముందే, ఆమ్మీటరు ముల్లు ఎగిరింది. కిక్ తన్నక ఏం చేస్తుంది!

ఆయన దాన్ని సరిచేశాక ఇప్పుడు చల్లటి ఇంజన్ కూడా మర్యాదగా స్టార్ట్ అవుతోంది. చించినాడ వంతెన మీద నాకింగ్ లేదు.

ఇబ్బందులూ చెప్పాలి. పని బాగా నిదానం, సగం రోజు పట్టింది. చెరువు దగ్గర్నుంచి ఎవరైనా ఇంజన్ ఆగిపోయిందని వస్తే మీ బండి పక్కన పెట్టేస్తారు, చేపలకి గాలి అందకపోతే నష్టం పెద్దది కాబట్టి దానికి నేనేమీ అనను. వానాకాలం షెడ్డు ముందంతా బురద. కూలి 600 తీసుకున్నారు, చైన్ కేస్ ఆయిల్ మనమే తెచ్చుకోవాలి. ఈ పనికి ఆ డబ్బు తక్కువే అంటాను. యూసీఈ ఇంజన్ (ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే గుల్లలో ఉండే తర్వాతి రకం) బుల్లెట్లకి పాయింట్లే ఉండవు, అవి అక్కడికి తీసుకెళ్లకండి. పాతది ఉన్నవాళ్లు మాత్రం ముందురోజు సాయంత్రమే బండి అప్పగించి రండి, ఇంజన్ పూర్తిగా చల్లారాకే ఆయన చెయ్యి పెడతారు.