ఇంట్లో కూర్చుని పనిచేసేవారికి పిల్లి మేలా, కుక్క మేలా?

గుంటూరు బ్రాడీపేటలో మేడమీద చిన్న పోర్షన్‌లో ఉంటూ పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే మా అక్క కూతురు పోయిన నెలలో ఒక రాత్రి ఫోను చేసింది. "పిన్నీ, పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ఒక్క మనిషితో మాట్లాడకుండానే రోజులు గడిచిపోతున్నాయి. పిల్లిని తెచ్చుకోనా, కుక్కను తెచ్చుకోనా? రెండింటినీ పెంచినదానివి, నువ్వే చెప్పాలి" అంది.

ఆలోచించి చెబుతానన్నాను. ఫోనులో రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదు. తెచ్చుకున్న ప్రాణి పన్నెండేళ్ళో పదిహేనేళ్ళో మనతో ఉంటుంది. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళున్న పిల్ల నలభైకి దగ్గరపడే దాకా అన్నమాట. అద్దె ఇళ్ళు, ఊళ్ళు మారడం, పెళ్ళి, ఏది తలపెట్టినా దాన్ని లెక్కలో వేసుకోవాల్సిందే.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఇంట్లోనే పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. అందులో తొమ్మిదేళ్ళు చుక్క అనే పిల్లి నాకు తోడుంది. అది పోయాక కొంతకాలం ఎవరినీ తెచ్చుకోలేకపోయాను. నాలుగేళ్ళుగా భైరవి ఉంది. మా వీధి చివర వానలో తడుస్తూ దొరికిన కుక్క.

పని బల్ల దగ్గర పిల్లికి సాటి లేదు. ప్రూఫు దిద్దడమంటే అక్షరం అక్షరం చూడటం. వాక్యం బాగుందని దాని వెంట పోయామా, ఒత్తులు, దీర్ఘాలు కంటికి కనిపించవు. తొమ్మిదింటికి నేను కాగితాలు పరిచేసరికి చుక్క బల్ల ఎక్కేది. దిద్దడం అయిపోయిన కట్ట మీద కాదు, సరిగ్గా నేను చదువుతున్న కాగితం మీదే కూర్చునేది. పక్కకు జరిపితే జరిగి, నా ఎడమ మోచేతికి వీపు ఆనించి ముడుచుకునేది. దాని గురగుర చెవికన్నా ముందు మోచేతి ఎముకకు తెలిసేది. పేజీ తిప్పినప్పుడు ఒక చెవి మాత్రం ఇటు తిరిగేది, కళ్ళు తెరిచేది కాదు. పిల్లి రోజుకు పన్నెండు నుంచి పదహారు గంటలు నిద్రలోనే గడుపుతుంది. అంత నెమ్మదిగా నిద్రపోయే ప్రాణి ఆనుకుని ఉంటే మనకూ కుదురు వస్తుంది. దాన్ని లేపడం ఇష్టంలేక కుర్చీలోంచి కదలకుండా పదహారు పేజీల ఫారం మొత్తం పూర్తి చేసిన రోజులు ఎన్నో.

భైరవి అలా కాదు. గుమ్మంలో పడుకుంటుంది. కొరియర్ బండి ఆగితే లేస్తుంది, పక్కింటి గేటు చప్పుడైతే లేస్తుంది. నేను కళ్ళజోడు తీసి బల్ల మీద పెడితే చాలు, బయటికి బయలుదేరుతున్నామని తోక ఊపుతూ వచ్చి నిలబడుతుంది. మొదటి ఏడాది పది రోజుల్లో దిద్దే పుస్తకానికి పదమూడు రోజులు పట్టింది. ఇది చిన్న నష్టం కాదు. పేజీకి ఇంత అని లెక్కగట్టి తీసుకునే బతుకులో మూడు రోజులంటే మూడు రోజుల కూలి.

ఇంతవరకు చదివితే పిల్లే మేలని తీర్పు చెప్పేయవచ్చు. కానీ ఆ తొమ్మిదేళ్ళ గురించి తరువాత తెలిసివచ్చిన సంగతి ఒకటుంది. చుక్క ఉన్నన్నాళ్ళు నేను ఇల్లు కదిలే అవసరమే రాలేదు. దాని ఇసుక ట్రే వరండాలో, దాని ఎండ కిటికీలో, దాని లోకం మూడు గదుల్లో. నా లోకమూ మెల్లగా అంతే అయింది. పాల ప్యాకెట్టు సంచిలో పడేది, కూరగాయలు గుమ్మంలోకి వచ్చేవి, ప్రూఫులు కుర్రవాడు తెచ్చి పట్టుకెళ్ళేవాడు. ఒక వేసవి తర్వాత రక్తపరీక్ష చేయిస్తే డి విటమిన్ బాగా తగ్గిపోయిందన్నారు. బెజవాడ ఎండలో ఉంటూ! పిల్లి తప్పేమీ లేదు. ఒంటరితనాన్ని అది ఎంత హాయిగా మార్చిందంటే, దాన్నుంచి బయటపడాలన్న తలపే నాకు రాలేదు.

భైరవి వచ్చాక తెల్లవారుజామున అయిదింటికి దాని ముక్కు చల్లగా నా అరికాలికి తగులుతుంది. లేవకపోతే గోళ్ళతో గచ్చు మీద టకటకమని గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, మళ్ళీ తగిలిస్తుంది. ఒకప్పుడు రైలు పట్టాలు నడిచిన దారిలో వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు మీద అరగంట నడుస్తాం. ఇడ్లీ బండి దగ్గర పిండి గిన్నెలు దించుకుంటున్న అత్తయ్యగారు, కర్ర చేత్తో పట్టుకుని నడిచే రైల్వే పెద్దాయన, పేపర్లు మడత పెట్టే పిల్లలు, అందరికీ ముందు తెలిసింది కుక్క పేరు. నా పేరు తెలియడానికి ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు రెండు రోజులు కనిపించకపోతే "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవాళ్ళు నాకు అయిదారుగురు ఉన్నారు. మా పిల్ల ఫోనులో అడిగింది పిల్లి గురించో కుక్క గురించో అనుకోను. అలా అడిగే మనిషి గురించి.

పైగా మా పిల్ల పని బొమ్మలు వేయడం. కుక్కతో నడిచే మనిషి తన దారిన తాను నడవలేడు. కుక్క ఆగిన ప్రతి చోటా ఆగాలి. గేటు కింద సందు, కాలువ గట్టు, చెరుకు రసం బండి చక్రం, అరుగు మీద నిద్రపోయే మనిషి పాదాలు, ఇవన్నీ మోకాలి ఎత్తున ఉండే సంగతులు. నాలుగేళ్ళ పిల్లవాడు లోకాన్ని చూసేదీ ఆ ఎత్తునుంచే. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే చేతికి ఇంతకంటే మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది? పిల్లి నుంచి నేర్చుకునేది కూడా తక్కువేమీ కాదు. చుక్క గోడ మీది నుంచి దూకే ముందు వెనక కాళ్ళు సర్దుకునే తీరు గంటలు చూసినా తనివి తీరేది కాదు. కానీ అది ఒక్క ప్రాణిని చూడటం. ఇది వీధి మొత్తాన్ని చూడటం.

తిండి దగ్గరికి వస్తే మన ఇళ్ళలో పిల్లికి తెలియక అన్యాయం చేస్తాం. గిన్నెలో పాలు పోస్తే చాలనుకుంటాం, లేదంటే పెరుగన్నం. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. మాంసం లేనిదే పిల్లి బతుకు సాగదు. టౌరిన్ అనే పోషకం దానికి తిండి ద్వారానే అందాలి. అది మాంసం, చేపల్లోనే ఉంటుంది. చాలకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. మాంసం వండని ఇంట్లో అద్దెకుంటూ పిల్లిని పెంచాలంటే ఈ సంగతి ముందే తేల్చుకోవాలి. కుక్క కొంత సర్దుకుపోతుంది. అన్నం, గుడ్డు, ఉడికించిన కోడిమాంసం, కాస్త గుమ్మడికాయ పెట్టి భైరవిని ఆరోగ్యంగానే ఉంచాను. అయితే మన కూరలూ సాంబారూ కలిపిన అన్నం రెండింటికీ పనికిరాదు, ఉల్లి, వెల్లుల్లి వాటి రక్తకణాలను దెబ్బతీస్తాయి. పాయసంలో ఎండుద్రాక్ష కుక్కకు విషం. జ్వరానికి మనం వేసుకునే పారాసెటమాల్ మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి.

ఎండల సంగతి కుక్కకు వ్యతిరేకంగానే చెబుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళు మనవి. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. అరికాళ్ళ దగ్గర కొద్దిగా పడుతుంది, మిగతా వేడంతా నాలుక చాచి రొప్పుతూ వదిలించుకోవాల్సిందే. తారురోడ్డు మీద అరచేతి వెనక భాగం ఆనించి అయిదారు క్షణాలు ఉంచలేకపోతే కుక్కను దింపకూడదు. ఏప్రిల్, మే నెలల్లో అయిదింటికి తీసుకెళ్ళామా సరే, ఎనిమిది దాటితే ఇక సాయంత్రం పొద్దుగుంకాకే. పిల్లి ఇంట్లో చల్లటి గచ్చు వెతుక్కుని తన పాట్లు తాను పడుతుంది.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. మంచుదేశాల హస్కీని తెచ్చి విజయవాడ ఫ్లాటులో ఏసీ కింద కట్టేసేవాళ్ళను చూస్తే నాకు బాధ వేస్తుంది. దాని ఒంటి మీద రెండు పొరల బొచ్చు మంచుకోసం పుట్టింది. చప్పిడి ముక్కు పగ్‌కు ఊపిరి తీయడమే కష్టం, మన ఎండలో ఇంకెంత కష్టం! జాతి కుక్కే కావాలనే సరదా ఉంటే మన పక్కనే కొల్లేటి సీమలో పుట్టిన జోనంగి ఉంది. పొట్టి వెంట్రుకలు, సన్నని ఒళ్ళు, మన ఎండను ఓర్చే రకం. కొల్లేటి ఒడ్డున బాతుల మందలను కాయడానికి వాడేవారు. బాతులు పోయి చేపల చెరువులు వచ్చాక దాని పని పోయింది, జాతీ తగ్గిపోయింది. కానీ మా పిల్లకు అది కూడా చెప్పను. వీధిలో పుట్టిన నాటు కుక్క చాలు. వాటి తల్లీ, తల్లి తల్లీ ఈ ఎండలోనే బతికి ఎదిగాయి.

నా తీర్పును గట్టిగా వెనక్కి లాగిన రోజు కూడా ఉంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా విజయవాడలోని సింగ్‌నగర్ మునిగినప్పుడు నా స్నేహితురాలి కుటుంబం డాబా మీద మూడు రాత్రులు గడిపింది. వాళ్ళ పిల్లి నీళ్ళు గడప దాటకముందే అటక ఎక్కింది, అక్కడినుంచి ఎలా వెళ్ళిందో డాబా మీద నీళ్ళట్యాంకు కిందికి చేరింది. ఎవరూ దాన్ని పట్టించుకోవాల్సిన పని లేకపోయింది. కుక్క మాత్రం మెట్ల దగ్గర వణుకుతూ నిలబడిపోయింది. ఇరవై రెండు కిలోల కుక్కను ఇద్దరు అన్నదమ్ములు నడుముల్లోతు నీళ్ళలో భుజాన వేసుకుని పైకి చేర్చారు. పడవ వచ్చినప్పుడు కుక్కను వదిలి ఎక్కనని పెద్దబ్బాయి వెనకే ఉండిపోయాడు. ఒంటరిగా మేడమీద ఉండే ఆడపిల్ల ఇరవై కిలోల ప్రాణిని ఎత్తగలదా? ఈ ప్రశ్న నేను మా పిల్లను సూటిగానే అడిగాను.

ఇల్లుగలవాళ్ళ మాట కూడా ఉంది. పిల్లి ఎదురొస్తే ప్రయాణం ఆపుకునే పెద్దవాళ్ళు గుంటూరులోనూ ఉన్నారు, విజయవాడలోనూ ఉన్నారు. భారతకథ మొదట్లోనే దెబ్బలు తిన్న బిడ్డ కోసం సరమ అనే కుక్క జనమేజయుణ్ణి నిలదీస్తుంది, చివరికి ధర్మరాజు వెంట మిగిలేదీ కుక్కే. అయినా ఇల్లుగలవారు కుక్కంటే మొహం ముడుస్తారు. ఫ్లాట్లలో అయితే పెంపుడు కుక్కలను సంఘాలు పూర్తిగా నిషేధించకూడదని కేంద్ర జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. విడి ఇంట్లో అద్దెకుండే పిల్లకు అది పెద్ద అండ కాదు. ముందు ఇంటివాళ్ళను అడగాలి, ఒప్పుకున్నాకే తెచ్చుకోవాలి. తెచ్చుకుని వీధిలో వదిలేయడం కంటే తెచ్చుకోకపోవడం నయం.

ఊరికి వెళ్ళాల్సినప్పుడు పిల్లికి మార్కులు పడతాయి. నీళ్ళు, తిండి పెట్టి, ఒక రాత్రి వదిలి వెళ్ళినా తట్టుకుంటుంది. తనతో తీసుకెళ్ళడమే దానికి గిట్టదు. కుక్కను అలా వదిలి వెళ్ళలేం. నేను పెళ్ళిళ్ళకు పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయడం నేర్చుకున్నాను. టీకాలు రెండింటికీ తప్పవు. రేబీస్ టీకా మూడు నెలలకు మొదలుపెట్టి, తర్వాత డాక్టరు చెప్పిన లెక్కన వేయిస్తూ ఉండాలి. 1885 జులై 6న లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన బాలుడికి తొలిసారి ఆ టీకా వేసిన రోజు గుర్తుగా, ఏటా జులై 6న పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ చేయించాలి. ఆరు నెలలు నిండకుండానే కడుపుతో ఉండే ఆడపిల్లులున్నాయి. పిల్లలను ఏడిళ్ళు తిప్పుతూ ఆ తల్లి పడే యాతన చూసినవాళ్ళు ఈ పనిని వాయిదా వేయరు.

ఇవన్నీ చెప్పి, "కుక్కే, అదీ వీధి కుక్కే" అన్నాను. "రాత్రుళ్ళు పనిచేసి పగలు నిద్రపోయే అలవాటు మానుకోలేనంటావా, పిల్లిని తెచ్చుకో. మానుకోవాలనే ఉంటే కుక్కను తెచ్చుకో. పది కిలోలు దాటని రకం చూసుకో, అవసరమైతే నువ్వే ఎత్తుకుని మెట్లు దిగగలగాలి" అని కూడా చెప్పాను.

మొన్న శనివారం సాయంత్రం వీడియోలో పిలిచింది. వాళ్ళ అడ్డరోడ్డులో టైలరు కొట్టు మెట్ల కింద ఈనిన కుక్క పిల్లల్లో చివరిది ఒళ్ళో ఉంది. గోధుమరంగు, ఒక కాలికి తెల్ల మేజోడు. ఇంటివాళ్ళ పెద్దావిడ తానే పాత చీర చింపి పరిచిందట.

"టీకా ఎప్పుడు వేయించాలి పిన్నీ? వయసెంతో తెలియదు" అంది.

నోరు తెరిచి చూపించమన్నాను. ముందరి పాలపళ్ళు సూదుల్లా తెల్లగా ఉన్నాయి, ఒక్కటీ ఊడలేదు. రెండు నెలలు ఉండవచ్చు. "రేపు ఆదివారం. సోమవారం పొద్దున్నే పశువైద్యశాలకు ఎత్తుకుని తీసుకెళ్ళు. పార్వో అనే జబ్బు ఈ వయసు కూనలను రెండు రోజుల్లో మింగేస్తుంది, టీకాలు పూర్తయ్యే దాకా వీధిలో దింపకు" అన్నాను. "అయితే నడక ఎప్పటి నుంచి?" అని అడుగుతుండగానే కూన పెన్సిలు లాక్కుని బల్ల కిందికి పోయింది. ఫోను బల్ల మీద వదిలేసి మా పిల్ల దాని వెంట పడింది. నాకు కాసేపు సీలింగు ఫ్యాను మాత్రం కనిపించింది, కింద నుంచి నవ్వు వినిపించింది.