టవర్ నీడ పడే మేర: ఒక చారిత్రక ప్రభావ అంచనా సేవపై సమీక్ష

అమెరికాలో కొత్త సెల్ టవర్ నిలబెట్టాలంటే, కొన్ని మినహాయింపులు పోను, చుట్టుపక్కల ఉన్న చారిత్రక కట్టడాలపై అది చూపగల ప్రభావాన్ని ముందే అంచనా వేయించి, ఆ నివేదికను రాష్ట్ర చారిత్రక పరిరక్షణ కార్యాలయానికి సమర్పించవలసి ఉంటుంది. 1966 నాటి జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టంలోని సెక్షన్ 106 దీనికి మూలం కాగా, టవర్ల విషయంలో దాన్ని ఎలా పాటించాలో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆధ్వర్యంలో 2004లో కుదిరిన దేశవ్యాప్త ఒప్పందం నిర్దేశిస్తుంది. ఈ పనిని సాధారణంగా కన్సల్టెన్సీ సంస్థలే చేసిపెడతాయి. ఒక గ్రామీణ ప్రాంతంలో మేము తలపెట్టిన 195 అడుగుల మోనోపోల్ (ఒకే స్తంభంగా నిలబడే టవర్) కోసం అలాంటి ఒక సంస్థకు ఈ అంచనాను అప్పగించాము.

దరఖాస్తు పనుల్లో వారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. కొత్త టవర్లకు వాడే ఫారం 620ని ఎక్కడా ఖాళీలు లేకుండా నింపారు. ఎఫ్‌సీసీ ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా ఆదివాసీ తెగలకు సమాచారం పంపారు. స్థానిక ప్రభుత్వానికి లేఖ రాశారు, వార్తాపత్రికలో ప్రకటన వేయించారు.

పురావస్తు పరిశీలన అంతకంటే మెరుగ్గా ఉంది. చాలా సంస్థలు టవర్ పునాది పడే చదరం వరకే చూసి సరిపెడతాయి. నేల కదిలేది అక్కడ ఒక్కచోటే కాదు. వీరు లారీలు వెళ్ళే తాత్కాలిక బాట వెంబడి, కరెంటు కేబుల్ కోసం తవ్వే కందకం వెంబడి కూడా వరుసగా చిన్న గుంటలు తీసి, ఆ మట్టిని జల్లెడ పట్టి, ఏ గుంటలో ఏ లోతున ఎలాంటి మట్టి వచ్చిందో పట్టికగా ఇచ్చారు. విలువైనదేదీ దొరకలేదన్న వారి నిర్ణయాన్ని ఆ పట్టిక చూసిన ఎవరైనా ఒప్పుకుంటారు.

అసలు చిక్కు కంటికి కనిపించే ప్రభావం దగ్గర వచ్చింది. ఒప్పందం ప్రకారం 200 అడుగులు, అంతకు తక్కువ ఎత్తున్న టవర్‌కు చుట్టూ అర మైలు, 400 అడుగుల వరకు ముప్పావు మైలు, ఆపైన మైలున్నర పరిధిలో ఈ ప్రభావాన్ని పరిశీలించాలి. 200 అడుగులు దాటితే విమానాల కోసం దీపాలు, రంగుల పట్టీలు కూడా అవసరమవుతాయి గనుక, ఆ గీతకు కాస్త దిగువన ఆగే టవర్లు దేశమంతా కనిపిస్తాయి. మాదీ ఆ కోవలోదే. సంస్థ వారు మ్యాపుపై అర మైలు వృత్తం గీసి, రాష్ట్ర కార్యాలయ రికార్డుల్లో ఆ వృత్తం లోపల నమోదైన కట్టడాల జాబితా తీశారు. నిబంధన అడిగేది అంతే; దృశ్య ప్రభావం కోసం ఊరంతా తిరిగి కొత్తగా సర్వే చేయాలన్న షరతు లేదు. అయితే వృత్తానికి కొద్ది దూరం బయట, గుట్ట మీద ఒక పాత చర్చి ఉంది. లోయలో ఉన్న కట్టడాల కంటే అక్కడి నుంచే టవర్ స్పష్టంగా కనబడుతుంది. పరిధిని పెంచుకునేందుకు రాష్ట్ర కార్యాలయంతో మాట్లాడి అంగీకారానికి వచ్చే వెసులుబాటు ఒప్పందంలోనే ఉన్నా, వారు ఆ ప్రస్తావనే తేలేదు. కొండలున్న చోట కంపాస్‌తో గీసిన గీతను మాత్రమే నమ్ముకోవడం నా దృష్టిలో బద్ధకమే.

ఫోటోలు మరీ నిరాశపరిచాయి. చెట్లు నిండుగా ఆకులతో ఉన్న వేసవిలో, దూరపు వస్తువులను మరింత చిన్నవిగా చూపే వైడ్ లెన్స్‌తో తీసిన చిత్రాలపై టవర్ బొమ్మను అతికించారు. వాటిలో టవర్‌ను వెతుక్కోవలసి వచ్చింది. మా అభ్యంతరం తరువాత, ఆకులు రాలాక, గాలి లేని ఉదయం వేళ టవర్ ఎత్తుకు బెలూన్ ఎగురవేసి, కంటిచూపుకు దగ్గరగా ఉండే 50 మి.మీ. లెన్స్‌తో మళ్ళీ తీశారు. గాలి వీస్తే బెలూన్ పక్కకు ఒరిగి ఎత్తు తక్కువగా కనిపిస్తుంది గనుక ఆ జాగ్రత్త ముఖ్యం. కొత్త చిత్రాల్లో, జాబితాలోని పాత వ్యవసాయ క్షేత్రంలో ధాన్యపు కొట్టు కప్పు మీదుగా మోనోపోల్ పైభాగం తేటగా కనిపించింది.

అక్కడితో తీర్పు రాసే తీరు కూడా మారవలసి వచ్చింది. టవర్ కనిపించినంత మాత్రాన అది ప్రతికూల ప్రభావం కాదు; ఆ కట్టడానికి చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టర్‌లో చోటు తెచ్చిపెట్టిన లక్షణాలను అది గుర్తించదగినంతగా తగ్గిస్తుందా అన్నదే ప్రశ్న. జాబితాలోనే ఉన్న, లోపలి యంత్రాల ఏర్పాటు వల్ల గుర్తింపు పొందిన ఇటుక కట్టడపు మిల్లుకు ఎదుట టవర్ నిలబడినా పోయేది తక్కువ. పొలాలు, కంచెలు, ఆకాశపు అంచు కలిసి ఒక గ్రామీణ దృశ్యంగా గుర్తింపు పొందిన క్షేత్రం సంగతి అలా కాదు. మొదటి నివేదిక ఈ రెంటికీ ‘ప్రతికూల ప్రభావం లేదు’ అన్న ఒకే వాక్యాన్ని అక్షరం మారకుండా వాడింది. అలాంటి వాక్యానికి డబ్బు చెల్లించడం ఎవరికైనా కష్టమే. రెండో నివేదికలో మాత్రం ఒక్కో కట్టడానికి విడిగా కారణాలు రాసి, మోనోపోల్‌ను చెట్ల వరుస వెనక్కి జరిపి ఎత్తు కొంత తగ్గిస్తే క్షేత్రం నుంచి అది దాదాపు కనిపించదని చిత్రాలతో చూపించారు. దాన్ని పైన్ చెట్టులా అలంకరించాలన్న ఆలోచనను వారే వద్దన్నారు. చుట్టూ ఉన్న చెట్ల కంటే రెట్టింపు ఎత్తున నిలబడే ప్లాస్టిక్ చెట్టు మామూలు స్తంభం కంటే ఎక్కువగా కళ్ళలో పడుతుందన్న వారి వాదన సరైనది.

సమతల ప్రదేశంలో, నమోదైన కట్టడాలు తక్కువగా ఉన్న చోట ఈ సంస్థ సేవ నిశ్చింతగా తీసుకోవచ్చు. గుట్టలు, పాత క్షేత్రాలు ఉన్న చోటికి వారిని పిలిచేవారు ఫోటోలు ఏ ఋతువులో, ఏ లెన్స్‌తో, ఎవరెవరి వాకిలి నుంచి తీయాలో కాంట్రాక్టులోనే రాయించుకోవాలి. తరువాతి టవర్‌కు మేము తవ్వకాల పరిశీలనను వారికే ఇస్తున్నాము. దృశ్య అంచనాను మరొకరికి అప్పగించాము.