డీవీడీ రైటర్ లేజర్: రెండేళ్లు వాడాక

కంప్యూటర్ డీవీడీ రైటర్‌లోంచి డయోడ్ (లేజర్ వెలుగునిచ్చే చిన్న ముక్క) తీసి ఇంట్లో చేసుకున్న లేజర్ ఇది, చెక్క కోసేది కాదని ముందే చెప్పేస్తున్నా. పాత 16ఎక్స్ రైటర్‌లోని 650 నానోమీటర్ల ఎర్ర డయోడ్‌కి 250 మిల్లీఆంపియర్లు ఇస్తే 200 మిల్లీవాట్ల లోపే వస్తుంది. అగ్గిపుల్ల తలకు నల్ల మార్కర్ పూస్తే ఒకటి రెండు సెకన్లలో అంటుకుంటుంది. పూయకపోతే ఎర్ర మందు ఎర్ర వెలుగుని తిప్పికొట్టేస్తుంది. నల్ల బెలూన్ టప్పున పేలుతుంది, తెల్ల కాగితం మీద పొగ కూడా రాదు. కిరణాన్ని ఒక చుక్కలోకి తెచ్చే లెన్సు పావు చుట్టు ఎక్కువ తిరిగిందా, అది ఉత్త టార్చిలైటే.

సామానంతా కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది: కరెంటుని అదుపులో ఉంచే ఎల్ఎం317 ఐసీ, 5.1 ఓంల ఒక వాట్ రెసిస్టర్, ఔట్‌పుట్‌కి ఒక కెపాసిటర్, లెన్సున్న అల్యూమినియం గొట్టం. రెసిస్టర్ ఐసీ ఔట్‌పుట్ కాలికీ అడ్జస్ట్ కాలికీ మధ్య పడాలి. 18650 లిథియం సెల్ ఒక్కటి చాలదు, రెండు కావాలి. డయోడ్‌కి రెండున్నర వోల్టులు, రెసిస్టర్ మీద 1.25 పోను ఐసీ తనకని ఇంకో రెండు మింగుతుంది.

డయోడ్లు ఎక్కువగా పోయేది లూజు వైరు వల్లే. వైరు ఊడినప్పుడు ఔట్‌పుట్‌లోని కెపాసిటర్ బ్యాటరీ వోల్టేజి దగ్గరికి నిండిపోతుంది. మళ్లీ తగలగానే అదంతా డయోడ్‌లో కుమ్మరిస్తుంది. ఆ తర్వాత డయోడ్ ఎల్ఈడీలా మసగ్గా వెలుగుతుంది, అంతే. కాబట్టి కలిపే ముందు స్క్రూడ్రైవర్‌తో కెపాసిటర్ కాళ్లు షార్ట్ చేయండి. రైటర్‌లోంచి తీసేటప్పుడు ఒంట్లోని స్టాటిక్ కరెంటుకి పోకుండా డయోడ్ కాళ్లకు సన్నటి రాగి తీగ చుట్టండి.

మన మే నెల ఎండలకు పవర్ తగ్గినట్టు తెలిసిపోతుంది. డయోడ్ వేడెక్కేకొద్దీ అదే కరెంటుకి వెలుగు తగ్గుతుంది. ఒక నిమిషం ఆన్, రెండు నిమిషాలు ఆఫ్.

ఇక కళ్ల సంగతి. లేజర్ మొత్తానికి పెట్టిన ఖర్చుకంటే కళ్లద్దాలకే ఎక్కువ పెట్టాలి, పిసినారితనం ఇక్కడ పనికిరాదు. నీలం లేజర్ ఎన్‌గ్రేవర్లతో వచ్చే ఎర్ర, నారింజ అద్దాలు ఎర్ర వెలుగుని హాయిగా లోపలికి వదిలేస్తాయి. 650 నానోమీటర్లకు ఓడీ (వెలుగుని ఎంత ఆపుతాయో చెప్పే అంకె) 4 అని స్పష్టంగా రాసినవే కొనండి, అంటే పదివేలలో ఒక వంతే లోపలికి వస్తుంది. రెప్ప పడటానికి పావు సెకను పడుతుంది. ఒక మిల్లీవాట్ పాయింటర్‌కైతే ఆ వేగం సరిపోతుంది, ఈ క్లాస్ 3బి (కంటికి ప్రమాదకరమైన తరగతి) లేజర్‌కి చాలదు.

నేరుగా పడే కిరణాన్ని ఎవరైనా తప్పించుకుంటారు. ముంచేది తిరిగొచ్చేదే. స్టీలు గ్లాసు, బీరువా హ్యాండిల్, దేవుడి పటం అద్దం, నున్నటి టైల్స్ ఎదురుగా ఉండకూడదు. వెనక గరుకు ఇటుక పెట్టండి. డాబా ఎక్కి ఆకాశంలోకి అసలు కొట్టొద్దు, బేగంపేట, హకీంపేట, శంషాబాద్ విమానాల్లో పైలట్లుంటారు. పీవీసీ టేపు కాలిస్తే యాసిడ్ పొగ వస్తుంది, దాని జోలికి పోకండి.

ఇంకోటి: చాలా రైటర్లలో రెండో డయోడ్ కూడా ఉంటుంది, 780 నానోమీటర్లది, సీడీల కోసం. చుక్క మసక ఎర్రగా కనిపిస్తుంది గానీ పవర్ తక్కువేం కాదు. 650కి కొన్న కళ్లద్దాలు దాన్ని ఆపుతాయన్న నమ్మకం లేదు. దాన్ని వెలిగించకుండానే పక్కన పడేయండి.