కొంగోజుయె: షికోకు దారిలో ఎనిమిది రోజులు నా చేతిలో ఉన్న కర్ర

జపాన్‌లోని షికోకు దీవిలో ఉన్న 88 బౌద్ధ గుళ్లూ నడిచి చూడాలంటే సుమారు 1,200 కిలోమీటర్లు. అంత సెలవు నాకెవరిస్తారు? విడతలుగా నడిచినా యాత్ర యాత్రేనని అక్కడివాళ్లే అంటారు కాబట్టి, ఈసారికి తొకుషిమా జిల్లాలోని మొదటి 23 గుళ్లు పెట్టుకున్నాను. గుళ్ల గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను ఒకటో గుడి ర్యోజెన్‌జి దగ్గర కొన్న చేతికర్ర గురించి రాస్తాను.

నిజానికి కొనే ఉద్దేశం లేదు. సంచిలో రెండు అల్యూమినియం ట్రెక్కింగ్ కర్రలున్నాయి. యాత్రికులు వేసుకునే తెల్ల అంగీ, గడ్డి టోపీ కూడా వద్దనుకున్నాను, వేషం కట్టినట్టుంటుందని. కొట్లో పెద్దావిడ నా మోకాలి పట్టీ చూసి ఏమీ మాట్లాడకుండా కర్ర తెచ్చి చేతిలో పెట్టింది. మొహమాటానికి కొన్నాను.

నాలుగు పలకల మామూలు చెక్క, ఛాతీ దాకా వస్తుంది. పై కొసన స్తూపంలా ఐదు అంచెలు చెక్కి ఉంటాయి, పంచభూతాలకు గుర్తుగా. వాటి మీద జరీ గుడ్డ తొడుగు, ఒక చిన్న గంట. తొడుగు దగ్గర పట్టుకోకూడదు, కిందే పట్టుకోవాలి. దీని పేరే కొంగోజుయె. కొంగో అంటే వజ్రం. మన మాటల్లో వజ్రదండం అన్నమాట. ‘ఇద్దరం కలిసి నడుస్తున్నాం’ అనే అర్థంలో నాలుగు అక్షరాలు రాసి ఉంటాయి. ఆ రెండో మనిషి 774లో పుట్టిన కూకై, జనం కోబో దైషి అని పిలుచుకునే బౌద్ధ గురువు. ఈ కర్రే ఆయన అని నమ్మకం. పూర్వం యాత్రికుడు దారిలో పోతే ఇదే కర్రను సమాధి మీద పాతేవారట. కొన్న మొదటి రోజే ఇది తెలియడం అంత బాగోలేదు.

ముందు లోపాలు చెప్తాను. ఎత్తు మార్చుకోలేం. తడి సిమెంటు మీద జారుతుంది, నేను ఒకసారి పడ్డాను కూడా. గంట మొదటి రోజంతా బుర్ర తినేసింది. 11వ గుడి నుంచి 12వ గుడికి వెళ్లే కొండదారి పేరే ‘యాత్రికుల్ని దొర్లించేది’. అక్కడ ఎక్కేటప్పుడు ట్రెక్కింగ్ కర్రలే మేలు, అందులో సందేహం లేదు. ఇంకోటి, అన్ని కర్రలూ ఒకేలా ఉంటాయి. ఒక గుడి దగ్గర స్టాండులోంచి వేరేవాళ్లది తీసుకుని అరకిలోమీటరు పోయాక తెలిసి, పరుగున వెనక్కి వచ్చాను. కొనగానే పేరు రాసుకోండి.

దీనికో నియమం ఉంది. వంతెన మీద కర్ర నేలకు తాకకూడదు. కూకై ఒక చలి రాత్రి ఎక్కడా చోటు దొరక్క వంతెన కింద పడుకున్నారని కథ, ఆయన నిద్ర చెడగొట్టకూడదని. 10వ గుడి దాటాక యోషినో నది వస్తుంది. సరిగ్గా ఊతం కావాల్సిన చోట కర్రను చంకలో పెట్టుకుని నడవడం నాకు వేళాకోళంలా తోచింది. నాలుగో రోజు పొలాల మధ్య ఒక చిన్న తూము వచ్చింది, రెండడుగుల వెడల్పు కూడా లేదు. చుట్టుపక్కల మనిషి లేడు. ఎత్తకపోతే ఏమవుతుంది అనుకుంటూనే ఎత్తేశాను. కింద ఎవరో పడుకుని ఉన్నట్టే అనిపించింది. కూకై అని కాదు, ఎవరో.

ఇంకో పద్ధతి, బసకు చేరగానే ముందు కర్ర కాలు కడగాలి, ఆ తర్వాతే మన కాళ్లు. మొదటి సాయంత్రం తడిపానంటే తడిపాను. ఐదో రోజు వాన. పాదాలకు బొబ్బలు. గుమ్మంలో కూలబడి బకెట్ దగ్గరకు లాక్కుని చూస్తే, కర్ర కొస నమిలిన వేపపుల్లలా పీచులు లేచి ఉంది. పీచుల్లో ఎర్రమట్టి. గోరుతో తీస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చిన పెద్దాయన కాళ్లు కడుగుతున్నట్టు చేతులు వాటంతటవే నెమ్మదించాయి. లోపల్నుంచి భోజనానికి రెండుసార్లు పిలిచారు. నేను దేవుడి విషయంలో అటూ ఇటూ కాని మనిషిని, ఇంతకంటే వివరించలేను.

గుళ్లలో ఏమీ కలగలేదంటే అన్యాయం. ఒకచోట నా వెనక గుంపు ‘ఓన్ అబోక్య బెయిరోషానో’ అని చదువుతుంటే, అది ‘ఓం అమోఘ వైరోచన’ అని మూడోసారికి గానీ వెలగలేదు. ఒళ్లు జలదరించింది. కానీ అది నిమిషంలో పోయింది. కర్ర సంగతి అలా పోలేదు.

23వ గుడి యాకుఓజి నుంచి రైల్లో తిరిగొస్తూ కొలిచి చూస్తే బొటనవేలి మందాన అరిగింది. 88వ గుడికి చేరినవాళ్లలో చాలామంది కర్రను అక్కడే వదిలేస్తారు. నాకింకా 65 ఉన్నాయి. ఐదుకు నాలుగు మార్కులు, జారినందుకు ఒకటి కోశాను. 24వ గుడికి 75 కిలోమీటర్ల దాకా నడవాలి. ఆ దారికి అల్యూమినియం కర్రలు పట్టుకెళ్లాలా వద్దా అనేది ఇంకా తేల్చుకోలేదు. ఇది మాత్రం వస్తుంది.