సీట్లు నాలుగు, మనుషులు ముగ్గురు: సెస్నా 172ఎన్ వాడిన అనుభవం

సెస్నా 172ఎన్ అంటే నాలుగు సీట్ల చిన్న విమానం. రెక్క నెత్తిన ఉండడంతో కిందంతా ఎంత బాగా కనిపిస్తుందో, నేర్చుకునేవాళ్లను ఎంత ఓపికగా భరిస్తుందో అందరూ రాసిందే. నాకు మాత్రం దాని 40 డిగ్రీల ఫ్లాప్స్, అంటే దిగేటప్పుడు రెక్క వెనక అంచున కిందికి వంగే పలకలంటే ప్రాణం. పొట్టి రన్‌వే మీద కూడా దించేయొచ్చు. టెక్సాస్‌లో ఉన్నన్నాళ్లూ ఇంకో ఇద్దరు తెలుగువాళ్లతో కలిసి 1978 నాటి 172ఎన్ నడిపాను. తిరుపతికి వచ్చేశాక కూడా తీరని కోపం ఒక్కటే, దాని ఖాళీ బరువు మీద.

టేకాఫ్‌కి 2,300 పౌండ్లు, అంటే 1,043 కిలోలు దాటకూడదు. మా కాగితాల్లో ఖాళీ బరువు 662 కిలోలు. వాడుకోగలిగిన 40 గ్యాలన్ల పెట్రోలూ నింపితే 109 కిలోలు. పోగా మిగిలేది 272. అమ్మానాన్నా వచ్చినప్పుడు, నేనూ మా ఆవిడా కలిపి నలుగురం సరిపోతామని లెక్క వేస్తున్నాను. నాన్న చిత్తూరు బెల్లం మండీలో కాటా దగ్గర పనిచేసిన మనిషి. కాగితం అటూ ఇటూ తిప్పి, "దీన్ని కాటా మీద పెట్టి ఎన్నాళ్లయిందిరా?" అన్నాడు.

చూస్తే దశాబ్దాలయింది. అమెరికాలో సొంతానికి నడుపుకునే ఇలాంటి విమానాన్ని ఇన్నేళ్లకోసారి తూచి తీరాలన్న నిబంధన లేదు. రేడియో మార్చినా, కార్పెట్ వేసినా పాత అంకెకు కలపడం, తీసేయడం, సంతకం పెట్టడం. అంతే.

తూయించాం. ముందు ట్యాంకులు ఖాళీ చేశారు. గాలి రెక్కల్ని కొంచెం లేపినా అంకె మారిపోతుందని హ్యాంగర్ తలుపులు మూశారు. మూడు చక్రాల కింద మూడు కాటాలు. తోక దగ్గర ఎడమ పక్క రెండు స్క్రూలు ఉంటాయి, వాటి మీద మట్టం పెట్టి, బుడగ మధ్యకు వచ్చేదాకా ముందు టైరులో గాలి తీశారు. నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని ఒక్కో అంకె రాసుకున్నాడు. మెకానిక్ కంటే ముందే మొత్తం చెప్పేశాడు: 677. పదిహేను కిలోలు ఎక్కువ!

"మండీలో ఇంత తేడా వస్తే రైతు ఊరుకుంటాడా?" అన్నాడు. ఎక్కడిదా బరువని ప్యానెల్ విప్పితే, ఎప్పుడో పనిచేయడం మానేసిన ఏడీఎఫ్ (దారి చూపే పాతకాలపు రేడియో పరికరం), దాని యాంటెన్నా, కత్తిరించి అక్కడే వదిలేసిన వైర్ల కట్టలు. పాత రంగు గీకకుండా దాని మీదే కొత్త రంగు. తలుపుల్లో చప్పుడు రాకుండా కుక్కిన ఫోమ్. పాత యజమానులు ఎవరెవరో, వర్క్‌షాపులు ఏవేవో, ఎవర్నని అడుగుతాం?

పనికిరానివన్నీ పీకించి, ఆ తర్వాత పాత మీటర్లను గాలి పీల్చి నడిపే వ్యాక్యూమ్ పంపు కూడా తీసేసి ఎలక్ట్రానిక్ మీటర్లు పెట్టించాక ఎనిమిది కిలోల దాకా వెనక్కి వచ్చాయి. ఖర్చు గురించి మా ఆవిడ ముందు మాట్లాడను. అమ్మానాన్నల్ని మాత్రం సగం ట్యాంకుతోనే తిప్పాను. గంటకు ఎనిమిది గ్యాలన్లు తాగుతుంది కాబట్టి, పగటిపూట ఉంచాల్సిన అరగంట నిల్వ పోను రెండు గంటలు. తిరుపతి నుంచి బెంగళూరంత దూరానికి గంటా గంటంపావు చాలు గనక, చుట్టుపక్కల తిరగడానికి లోటేమీ లేదు.

ఫ్లాప్స్ సంగతికొస్తే, 1981లో వచ్చిన 172పీలో వాటిని 30 డిగ్రీలకు తగ్గించి, గరిష్ఠ బరువు 2,400 పౌండ్లు చేశారు. ఇప్పుడైతే ఆ పెరిగిన 45 కిలోలే కావాలంటాను.

మాకు పిల్లలు లేరు, ఇద్దరం సన్నమే, కాబట్టి మళ్లీ కొన్నా ఎన్ మోడలే కొంటానేమో. అమెరికాకు పైలట్ కోర్సుకు పోతున్న మా వీధి కుర్రాడు "అన్నా, ఇలాంటి విమానంలో వాటా తీసుకోవచ్చునా?" అని అడిగితే, వాడి ఒళ్లు చూసి, 180 హార్స్‌పవర్ ఇంజిన్ వేసి 2,550 పౌండ్లకు అనుమతి తెచ్చుకున్నది దొరుకుతుందేమో చూడమన్నాను. దానికి రేటు ఎక్కువే. ఏదైనా సరే, అడ్వాన్సు ఇచ్చేముందు చివరిసారి కాటా మీద పెట్టిన కాగితం అడగాలి. కూడికలు తీసివేతల కాగితమే చూపిస్తే తూకం ఖర్చు అమ్మేవాళ్లనే పెట్టుకోమనాలి.