భూత్, భూత్ రిటర్న్స్: ఒకే దర్శకుడు, ఒక్కదాంట్లోనే భయం

రాంగోపాల్ వర్మ 2003లో తీసిన 'భూత్' చూశాక చాలా రోజులు రాత్రిపూట లిఫ్టు ఎక్కాలంటే గుండె దడదడలాడేది. పాటల్లేవు, పాడుబడ్డ బంగళా లేదు. ముంబైలో ఓ మామూలు ఫ్లాట్, కొత్తగా దిగిన భార్యాభర్తలు, అంతే. భార్యగా వేసిన ఊర్మిళ మాతోండ్కర్ అర్ధరాత్రి లేచి ఇంట్లో ఒంటరిగా తిరుగుతుంటే, వెనకాల ఏముందోనని మనకు ఊపిరాడదు. ఆవిడ చూపు మారిపోయే తీరే ఆ సినిమాకు ప్రాణం.

2012 నాటి 'భూత్ రిటర్న్స్'లో త్రీడీ ఉంది, బొమ్మ పట్టుకున్న చిన్నపిల్ల ఉంది, జేడీ చక్రవర్తి ఉన్నాడు. భయం మాత్రం లేదు. కెమెరా వింత కోణాల్లో తిరుగుతుంది, చెవులు చిల్లులు పడేలా శబ్దం వస్తుంది, తీరా చూస్తే అక్కడేమీ ఉండదు. మొదటిదాంట్లో ఆ జంట మీద బెంగ పుట్టింది, ఇందులో ఆ కుటుంబం మనకు దగ్గరే కాలేదు. మనీషా కోయిరాలా లాంటి నటిని పెట్టుకుని అలా వదిలేశారే అని నిజంగా బాధేసింది.